బెల్లమన్నం మీద గాజురెక్కలు

హాస్టల్లో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే పడీ పడీ నవ్వేదాన్ని. కంప్యూటర్ సైన్స్ చదివేదాన్ని, ఇలాంటివి నమ్మడమేంటని నా పొగరు. అది జర్మనీలో, నేను చదువుకునే జార్‌బ్రూకెన్‌లో దిగిపోయింది.

కరోనా రెండో వేవ్. వరంగల్లో మా అక్క ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. నాకు ఆన్‌లైన్ పరీక్ష నడుస్తుండగా వీడియో కాల్ చేసింది. కట్ చేసి, పరీక్ష అయ్యాక చేస్తానని మెసేజ్ పెట్టాను. అయ్యాక చేస్తే బావ ఎత్తాడు. అప్పటికే అక్క లేదు.

వెళ్లలేకపోయాను. వీసా రెన్యువల్‌కి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకలేదు, పైగా నాకే పాజిటివ్.

మా వైపు మూడో రోజు, పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అది తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి.

ఆ రోజు అమ్మ ఫోన్ చేసింది. "పొద్దటి సంది చూస్తున్నం, పిట్ట ముడ్తలేదు బిడ్డా. దాని పానమంత నీ మీదనే ఉండె. నువ్వక్కడ్నే ఇంత పెట్టి చూడు."

కాదనలేక బెల్లమన్నం వండాను. బెల్లం దొరక్క బ్రౌన్ షుగర్ వేశాను. అక్క ఉంటే చీవాట్లు పెట్టేది. ప్లేటు కిటికీ బయట గట్టు మీద పెట్టాను. మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్ నెల, అయినా సన్నగా మంచు పడుతోంది.

నీ కూతుర్ని చదివిస్తా అన్నాను. అమ్మను చూసుకుంటా అన్నాను. ఎదురింటి కప్పు మీద రెండు కాకులు ఇటు తిరిగి కూడా చూడలేదు.

ఏడుపొచ్చింది. కిటికీలోంచి మొహం బయటపెట్టి, "అక్కా, ఇగో చూడు, నేనే" అన్నాను.

ఒక సీతాకోకచిలుక వచ్చి అన్నం మీద వాలింది. రెక్కలకు గోధుమరంగు అంచు తప్ప మధ్యలో రంగే లేదు, గాజులా ఉన్నాయి. వాటిలోంచి మెతుకులు కనబడ్డాయి. జానెడు దూరంలో నా మొహం ఉన్నా కదల్లేదు. ఫోటో తీశాను. నిమిషం పైనే ఉండి వెళ్లిపోయింది.

ఆ ఫోటో మా బిల్డింగ్‌లో బయాలజీ చదివే అమ్మాయికి పంపాను. మధ్య అమెరికా అడవుల్లోదట, ఈ చలిలో బతకదట. ఎవరో పెంచుకునేది తప్పించుకుందేమో అంది. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ ఆ మంచులో, నా కిటికీకే, ఆ నిమిషానికే ఎలా వచ్చినట్టు?

సాయంత్రం అమ్మ మళ్లీ చేసింది. "ముట్టిందా బిడ్డా?"

"ముట్టిందమ్మా" అన్నాను. అబద్ధం చెప్పానో, నిజమే చెప్పానో ఇప్పటికీ తేల్చుకోలేను. అక్క నన్ను చూసిందేమో గానీ, నేను అక్కను చూడలేదు.