ఖాళీ క్యారియర్

మా పాప ఏడో నెలలోనే పుట్టి, రెండు రోజులు ఉండి వెళ్ళిపోయింది. ఆస్పత్రి నుంచి మెల్‌బోర్న్ శివార్లలో క్రాన్‌బర్న్‌లోని మా ఇంటికి వచ్చేటప్పుడు, కారు వెనక ముందే బిగించి పెట్టుకున్న పాప సీటు అలాగే ఉంది. దాన్ని విప్పాలన్న ఆలోచన నాకెందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. నా భార్య దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మూడు వారాలు ‘ఊఁ’, ‘వద్దు’ తప్ప ఆమె నోట్లోంచి మాట రాలేదు. పాపకి మేం పేరు పెట్టాం. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు.

మా తెలుగు ప్రార్థన సంఘం వాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, కాదనను. కానీ ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "అంతా దేవుని చిత్తం బ్రదర్" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆదివారం సాక్ష్యం చెప్పమంటే అందరికన్నా ముందు లేచి, ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆర్ ఇచ్చాడని, నాలుగు బెడ్‌రూముల ఇల్లు ఇచ్చాడని దేవుణ్ణి స్తుతించే మనిషి ఆయన. మీ వంతుకి ఇళ్ళూ వీసాలూ, మా వంతుకి ఇదా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి ప్రార్థన మానేశాను. అన్నం ముందు కూడా కళ్ళు మూసుకోలేదు.

వచ్చినవాళ్ళు తెచ్చిన బిర్యానీలూ పలావులూ ప్లాస్టిక్ డబ్బాల్లో ఉండేవి. తిని పారెయ్యడమే. ఒక్క ఆంటీ మాత్రం మూడు గిన్నెల స్టీలు క్యారియర్ తెచ్చేవారు. ఆవిడది మా వెనక వీధి. ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి, యూనిఫామ్ కూడా మార్చుకోకుండా వంట చేసి, సాయంత్రం ఐదింటికి మా తలుపు కొట్టేవారు. మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు, ఏదో ఒక కూర. గిన్నెల మీద వాళ్ళ అత్తగారి పేరు చెక్కి ఉండేది. ఆవిడ బైబిల్ వాక్యాలు చెప్పేవారు కాదు, లోపలికి కూడా వచ్చేవారు కాదు. "వేడి మీద తినండి బాబూ. మైక్రోవేవ్‌లో పెట్టకు, బాగోదు. అమ్మాయి చేత రెండు ముద్దలైనా తినిపించు" అనేవారు. అలాంటి క్యారియర్లు ఆవిడ దగ్గర రెండుండేవి. కొత్తది నా చేతికిచ్చి, నేను కడిగి ఉంచిన పాతది పట్టుకుని వెళ్ళిపోయేవారు.

మూడో వారం చివర్లో ఒకరోజు నేను గుమ్మంలో ఆంటీకి పాత క్యారియర్ అందిస్తుంటే, మంచినీళ్ళ కోసం లేచొచ్చిన నా భార్య హాల్లో నిలబడి చూసింది. నేను తలుపు వేసి వెనక్కి తిరిగాను.

"ఖాళీగా ఇచ్చారా?" అంది.

అన్నాళ్ళకి తను మాట్లాడినందుకు సంతోషించాల్సింది పోయి తెల్లమొహం వేశాను. "శుభ్రంగా కడిగే ఇచ్చాను."

"ఇన్నాళ్ళూ ఆవిణ్ణి ఖాళీగానే పంపించారా? గిన్నె వస్తే ఏదో ఒకటి వేసి ఇవ్వాలని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

చెప్పకేం? పక్కింటివాళ్ళ గిన్నెలో నాలుగు కరివేపాకు రెమ్మలైనా వేయనిదే మా అమ్మ తిరిగి ఇచ్చేది కాదు. నాకే గుర్తు రాలేదు. తప్పు నాదేనని తెలిసేసరికి ఉక్రోషం వచ్చింది. "ఇప్పుడా మర్యాదలు ఎవరు చూడొచ్చారు? ఆంటీ ఏమైనా అనుకుంటారా?" అన్నాను.

"ఖాళీగా ఇంటికెళ్ళడం ఎలా ఉంటుందో మీకు తెలీదా అండీ?"

ఆ మాట అని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆస్పత్రిలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. నేనూ పక్కన కూలబడ్డాను. క్యారియర్‌లో చారు చల్లారిపోయింది.

మర్నాడు తనే గిన్నెలు కడిగి, వంటింట్లో అరలన్నీ వెతికింది. నేను సరుకులకి వెళ్ళి చాలా రోజులైంది. డబ్బా అడుగున గుప్పెడు పంచదార కూడా లేదు. ఉన్నదాన్ని పై గిన్నెలోకి దులిపి మూత పెట్టింది. "ఏమైనా వండే ఓపిక లేదండీ, ఇదే ఇద్దాం" అంది. ఆంటీ వచ్చేదాకా ఆగకుండా మేమే బయల్దేరాం. ఆస్పత్రి నుంచి వచ్చాక తను గడప దాటడం అదే మొదటిసారి. ఐదు నిమిషాల దారిలో రెండు చోట్ల ఆగింది. నేను తొందర పెట్టలేదు.

ఆంటీ తలుపు తీసి, మమ్మల్ని చూసి, మూత తీసి చూశారు. "నాకు షుగరుంది కదే పిచ్చిపిల్లా!" అన్నారు. అంటూనే చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు. ఇంకో చిటికెడు నా భార్య నోట్లో పెట్టారు. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గుమ్మంలోనే ఏడ్చారు. నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

ఆ మూడు వారాలూ ఎక్కడున్నావని దేవుణ్ణి నిలదీస్తూనే ఉన్నాను. ఐదింటికి తలుపు చప్పుడైతే మాత్రం లేచి వెళ్ళి క్యారియర్ అందుకున్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉందేమోనని నాకు ఆ గుమ్మంలోనే మొదటిసారి తోచింది. పాపని ఎందుకు ఉంచలేదో ఆంటీ చెప్పలేదు, దేవుడూ చెప్పలేదు. ఆ విషయంలో నా కోపం ఇప్పటికీ పోలేదు.

ఇంటికొచ్చి, ఆంటీ ఇచ్చి పంపిన చారు అన్నంలో పోసుకుని కలపబోతున్నాను. నా భార్య చేతులు జోడించి నా వైపే చూస్తోంది. మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన చేసేది ఎప్పుడూ నేనే. కళ్ళు మూసుకున్నాను. కృతజ్ఞత అన్న మాట గొంతు దాటి రాలేదు. ఎంత వెతుక్కున్నా నా దగ్గర మిగిలింది పాప పేరు ఒక్కటే. అదే పైకి అన్నాను.

నా భార్య "ఆమెన్" అంది.