సిరా అంటని వేలు

మనకు కాలాలు మూడే. వరంగల్ స్టేషన్ ముందు టాక్సీ నడిపే మొండయ్యకు మాత్రం నాలుగు. పెండ్లిళ్ల కాలం, మిర్చి కాలం, మేడారం జాతర కాలం, ఎలక్షన్ల కాలం. ఆకాశం చూసి కాదు, బండి ఎక్కేవాళ్లను చూసి కాలం చెప్పేవాడు. పట్టుచీరల గరగర వినిపిస్తే మాఘమాసం. ఎక్కినవాళ్లంతా తుమ్ముతుంటే మార్కెట్లోకి మిర్చి వచ్చినట్టు. సీటు నిండా మొక్కుల బెల్లం వాసనైతే జాతర. ఇక తెల్లబట్టల మనిషి ముందు సీట్లో కూర్చుని "పోనియ్ పోనియ్" అంటూ, ఎక్కడికో మాత్రం చెప్పకపోతే అది ఎలక్షన్ల కాలం.

నేనప్పుడు డోర్నకల్‌లో తెలుగు పంతుల్ని. రోజూ ప్యాసింజర్ బండిలో పోయి రావడం. సాయంత్రం స్టేషన్లో దిగి తిన్నగా ఇంటికి పోతే ఒట్టు! టాక్సీ స్టాండులో ఆగాల్సిందే. టాక్సీ ఎక్కడానికి కాదండోయ్, పంతులు జీతానికి టాక్సీ ఎక్కడి నుంచి వస్తుంది? మొండయ్య రాజకీయం వినడానికి. తన అంబాసిడర్ బానెట్ మీద మోచెయ్యి ఆనించి మొదలుపెడితే ఢిల్లీ నుంచి పరకాల దాకా ఎవరినీ వదిలేవాడు కాదు.

డెబ్బై ఎనిమిది ఎలక్షన్లయిన కొత్తలో ఒక గుమాస్తా బండెక్కి, పోలింగ్ రోజు హాయిగా పండుకున్నానని గొప్పగా చెప్పాడట. మొండయ్య సగం దారిలో బండి ఆపేశాడు.

"దిగు సారూ. ఓటెయ్యనోనికి నా బండిల జాగ లేదు. ఎట్లాగు పండుకునుడే నీ పనాయె, ఏడ పండుకుంటే ఏంది?"

ఈ ముచ్చట స్టాండులో ఎన్ని రోజులు నడిచిందో! తోటి డ్రైవర్ రాయమల్లు గుమాస్తా లాగా నడిచి చూపిస్తుంటే నవ్వి నవ్వి నాకు రైలు కూత కూడా వినపడేది కాదు.

ఎనభై ఒకటిలో మున్సిపాలిటీ ఎలక్షన్లు వచ్చాయి. మొండయ్య ఉండే వార్డు స్టేషన్ అవతల, ఖిలా వరంగల్ పోయే తోవలో. ఆ వార్డు నుంచి ఎవరు నిలబడ్డారనుకున్నారు? స్టాండులోనే టాక్సీ నడిపే గట్టయ్య. మొండయ్యకు చిన్ననాటి జోడు. ఇద్దరూ ఒకే లారీ మీద స్టీరింగ్ నేర్చుకున్నారు. ఎదురుగా రైస్ మిల్లు రాజేశ్వర్ రావు. ఆయన మనుషులు వచ్చి పోలింగ్ రోజుకు మొండయ్య బండి అడిగారు.

"నా బండి గట్టన్నకే. పెట్రోలు నాదే, బండి నాదే, నేను గూడ ఆయనోన్నే" అన్నాడు మొండయ్య.

బండ్లలో ఓటర్లను తేకూడదని రూలుంది. ఆ రోజు రెండు వైపులా ఆ రూలు ఎవరికీ గుర్తు లేదు.

నా ఇల్లు హన్మకొండలో, ఆ వార్డు వాణ్ణి కాదు కదా, నాకు సరిగ్గా ఆ వార్డు బూత్‌లోనే డ్యూటీ పడింది. పొద్దున్నుంచి చూస్తున్నాను, అంబాసిడర్ వస్తోంది, పోతోంది. ముసలమ్మలను చెయ్యి పట్టి దించుతాడు, గడప దాటిస్తాడు, మళ్లీ పోతాడు. సాయంత్రం టైమ్ అయిపోతుండగా ఆఖరి ట్రిప్పులో నడవలేని సమ్మమ్మ అనే ముసలామెనూ, మరో ఇద్దరినీ తెచ్చి గేటు లోపల వదిలాడు. బండి అడ్డంగా ఉందని పోలీసు కేకేశాడు. మొండయ్య సందు చివర బండి నిలిపి వచ్చేసరికి టైమ్ అయింది, గేటు మూసేశాం. లోపలున్నవాళ్లకే ఓటు. అది రూలు.

మొండయ్య గేటు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, నేనే. జర తియ్యుర్రి."

"లేదు మొండయ్యా. తీయరాదు."

"వాళ్లను తెచ్చింది నేనే గద సారూ. బండి జరుపుమంటె జరిపిన."

నేను తల అడ్డంగా ఊపాను. అతను చువ్వల మధ్య నుంచి మెల్లగా అన్నాడు.

"ఇన్నేండ్ల సంది ఓటు దినమంటే నాకు కిరాయి దినమే సారూ. ఎన్నడు ఎయ్యలే. మందికి చెప్పుడే గని నేను ఎయ్యలే. ఇయ్యాల గట్టన్నకు ఎయ్యాలనుకున్న."

గుమాస్తాను సగం దారిలో దింపేసిన మనిషి! మొండయ్య చుట్టూ చూసి, "ఎవలకు చెప్పకుర్రి" అని వెళ్లిపోయాడు.

ఓట్లు లెక్కపెట్టారు. గట్టయ్యకూ రాజేశ్వర్ రావుకూ సమానం! మళ్లీ లెక్కపెట్టారు. సమానమే. రూలు ప్రకారం ఇద్దరి పేర్లూ చీటీల మీద రాసి మడిచి, ఆఫీసరు ఒకటి తీశాడు. రాజేశ్వర్ రావు పేరు వచ్చింది.

మర్నాడు సాయంత్రం నేను స్టాండుకు పోయేసరికి మొండయ్య ఎడమ చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. సిరా గుర్తు ఉండాల్సిన వేలు. రేడియేటర్ మూత తీస్తుంటే కాలిందని అందరికీ చెబుతున్నాడు. నా వైపు చూడనే లేదు.

"ఒక్క ఓటన్నా! ఒక్కటి!" అంటున్నాడు రాయమల్లు. "ఏ బద్మాష్‌గాడు ఇంట్ల పండుకున్నడో ఎరికైతే, వాన్ని గా గుమాస్తా లెక్క నడి తొవ్వల దింపుదుము. ఏమంటవ్ మొండన్నా?"

మొండయ్య బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

అంతలో గట్టయ్య వచ్చాడు, చేతిలో బంతిపూల దండ. గెలిస్తే వేసుకుందామని ముందే చెప్పి కట్టించిన దండ. పూలు కాస్త వాడాయి.

"ఇంట్ల ఉంటే సూడబుద్ధైతలేదు" అన్నాడు. "ఎవలకన్న ఎయ్యాలె. నా కోసం తిండి లేకుంట తిరిగినోడు మొండన్న. గీ ఓట్లన్న అచ్చినయంటే గీ మనిషి పుణ్యమే. గిది అన్నకే."

అందరూ చప్పట్లు. దండ మెడలో పడింది. మొండయ్య దాన్ని తీయబోయాడు, రాయమల్లు చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్యన్నా, పెండ్లికొడుకు లెక్కున్నవ్!"

మొండయ్య ముఖం చూడలేక నేను రైలు కట్ట వైపు చూశాను. నవ్వులు ఆగిపోయేసరికి ఇటు తిరిగాను. మొండయ్య వేలి గుడ్డ విప్పుతున్నాడు. విప్పి వేలు గట్టయ్య ముందు పెట్టాడు. కాలిన గాయం లేదు, సిరా మచ్చ లేదు. గ్రీజు తప్ప ఏమీ లేదు.

"గా ఒక్కడు నేనే గట్టన్నా. ముసలోళ్లను దించి, బండి పెట్టి అచ్చేసరికి గేటేసిండ్రు. సారు ఉండె. అడుగు."

గట్టయ్య నన్ను అడగలేదు. ఆ వేలినే చాలాసేపు చూశాడు. తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది. స్టేషన్లోంచి జనం బయటికి వస్తుంటే అటు తిరిగి, వరసలో ముందున్న మొండయ్య బండి చూపించి, "రైలచ్చింది. నంబర్ నీదే, తియ్యి" అన్నాడు.

మొండయ్య మెడలో దండతోనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎక్కినవాళ్లు "ఏంది, ఎవల పెండ్లి?" అని అడుగుతుంటే బండి ముందుకు పోనిచ్చాడు.

ఇంట్లో భార్య బక్కమ్మ ఏమందో తర్వాత తనే నాకు చెప్పాడు. ఆమె దండ తీసి దర్వాజాకు వేలాడదీసి, "వార్డందర్ని దించినవ్. నిన్ను దించెటోడు లేకపాయె" అందట. అంతే. దండ ఎండి రాలిపోయేదాకా అక్కడే ఉంచిందట.

ఆ తర్వాత స్టాండులో రాజకీయం చచ్చిపోయింది. మొండయ్య సరుకుల ధరలు, వానలు మాట్లాడేవాడు. ఎవరైనా ఓట్ల మాట ఎత్తితే బానెట్ లేపి, లోపల తల పెట్టేవాడు. గట్టయ్య మాట్లాడేవాడు, బీడీ అడిగి తీసుకునేవాడు, కానీ "మొండన్నా" అనడం మానేశాడు. "నీ నంబర్", "నా నంబర్". అంత వరకే.

ఎనభై ఏడులో మళ్లీ మున్సిపాలిటీ ఎలక్షన్లు వచ్చాయి. ఈసారి నాకు డ్యూటీ లేదు, రిటైరయ్యాను. అయినా ఊరుకుంటానా? పోలింగ్ నాటి సాయంత్రం స్టాండుకు పోయాను. మొండయ్య బానెట్ మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చూపుడు వేలి మీద నల్లగా సిరా.

"వేశావన్న మాట!" అన్నాను సంబరంగా.

"పొద్దుగాల పొద్దుగాల లైన్ల ముంగట నేనే సారూ. ముగ్గురు పార్టీలోళ్లు బండి అడిగిండ్రు. తియ్యనన్న."

"గట్టయ్యకు చూపించావా?"

మొండయ్య ఆ వేలిని అరచేతిలో ముడిచేసుకున్నాడు.

"మల్ల నిలబడు గట్టన్నా అని నామినేషన్లప్పుడే పోయి కాళ్లు పట్టుకున్న సారూ. 'నేను నిలబడ్తే ఓటెయ్యనీకె నీకు తీరుబాటుండాలె గద' అన్నడు. గా ఓటు కాయితంల అందరి పేర్లు ఉన్నయి. నాకు కావల్సిన పేరు లేదు. ఎవలకు గుద్దిన్నో యాదికి లేదు."

స్టేషన్లోంచి జనం వస్తున్నారు. వరసలో గట్టయ్య బండి ముందుంది. మొండయ్య చెయ్యి జేబులో పెట్టుకుని, "గట్టన్నా, నంబర్ నీదే" అని కేకేశాడు.