బల్ల మీద కొట్టి చూపిన గుండె

మొన్న నల్లగొండలో ఈసీజీ తీసే అమ్మాయి నా ఛాతీకి చల్లని జిగురు పూయగానే రజియా డాక్టరమ్మ గుర్తొచ్చింది. తొంభైల్లో హాలియాలో ఆమెది ఒంటిగది దవాఖాన. పక్కనే నా ఎరువుల దుకాణం. ఊళ్లో నా మాటకు విలువ లేదు. కాలువలో నేను పట్టిన చేప, చెప్పిన ప్రతిసారీ పెరిగేది మరి.

అలాంటి నాకు గుండెదడ పట్టుకుంది. ఊరికే కూర్చున్నప్పుడే గుండె పరుగందుకునేది, కళ్లు తిరిగేవి. పెద్ద దవాఖానకు చేరేసరికి ఆగిపోయేది, ఈసీజీ శుభ్రంగా వచ్చేది. అక్కడి డాక్టర్లు ఒట్టి భయమేనన్నారు. ఒకసారి స్కూటర్ మీంచి పడ్డాను కూడా. అయినా మా ఆవిడ, "మళ్ల మొదలువెట్టినవా?" అనేది.

రజియమ్మకు చెప్పబోయాను. "డాక్టరమ్మా, గుండె ఎగిరి అంగీ గుండీ తెగింది..."

"నోరు బంద్ చెయ్యి మల్లేశం. ఎట్ల కొట్టుకున్నదో బల్ల మీద వేలితోటి కొట్టి చూపియ్యి."

టకటకా ఒకే వరుసలో కొట్టాను.

"మెల్లగ మొదలైతదా?"

"లేదమ్మా, స్విచ్ ఏసినట్టే. ఆగుడు గూడ గట్లనే."

ఆమె నవ్వలేదు. "గిది భయం గాదు. ఈసారి వచ్చినప్పుడే నా దగ్గరికి రా. ఉరుకకు, ఎవలనన్న పట్టుకొని రా."

అది యూరియా కోసం జనం బారులు తీరిన రోజే వచ్చింది. నేను గుండె పట్టుకుని లేస్తే, "సరుకు దాసి నాటకాలాడుతుండు" అని రైతులు దారి వదల్లేదు. ఆ గోలకు రజియమ్మే వచ్చింది. "జరుగుండ్రి! ముందు గీయన పానం, తర్వాత మీ యూరియా." దడ నడుస్తుండగానే ఈసీజీ తీసింది. ఊపిరి బిగబట్టి కడుపు బిగించమంది. దడ టక్కున ఆగింది. కాగితం చూపించి, "గుండెల కరెంటుకు ఒక దొంగతొవ్వ ఉన్నది. కరెంటు ఆ తొవ్వలనే గిరగిర తిరుగుతాంది" అంది.

హైదరాబాద్ పంపింది. తొడ దగ్గరి నరంలోంచి గుండెదాకా తీగ పంపి ఆ దారిని కాలుస్తారని తెలిసి మా అమ్మ ఏడ్చింది. "గుండెనంత గాదవ్వా, నువ్వుగింజంత జాగ" అని రజియమ్మ సముదాయించింది.

అక్కడ నేను మెలకువగా ఉండగానే, డాక్టర్లు తీగతో దడను కావాలనే తెప్పించారు. "ఇదేనా?" అన్నారు. "ఇదే సారూ!" అని అరిచాను. నేను చెప్పింది అబద్ధం కాదని తెర మీద గీతలు చెబుతుంటే, ఆ భయంలోనూ సంతోషమేసింది. ఆ దారిని కాల్చినప్పుడు ఛాతీలో చురుక్కుమంది. తర్వాత ఎంత రెచ్చగొట్టినా దడ రాలేదు.

తిరిగొచ్చి రజియమ్మకు చెప్పాను, ఆ తీగ విప్పితే హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ దాకా వస్తుందని. "ఇగ ఎన్ని కోతలన్న కొయ్యి, నేను వింట" అంది చాయ్ పోస్తూ.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. కోతలరాయుడని పేరుపడ్డవాడెవడైనా వచ్చి ఒంట్లో బాగాలేదంటే, నేను నవ్వను. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడుగుతాను: "ఎట్లైతాంది, చెప్పు."