మెదక్ తొవ్వ చెప్పిన నర్సమ్మ

నర్సమ్మ పోయింది. ఆదివారం పొద్దున ఆమె పక్కింటి భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. "మేడం, మన నర్సమ్మ లేదు. పొద్దుగాల చాయ్ తాగింది, కుర్చీల కూసున్నది, అట్లనే పోయింది. ఎవరికీ తక్లీఫ్ ఇయ్యలే." తర్వాత, "ఆ చాయ్ ఇచ్చింది నేనే. చక్కెర ఎక్కువైందని తిట్టి మరీ పోయింది" అన్నాడు.

అమీర్‌పేటలో ఆమె ఇంటి పైగదిలో నేను ఐదేళ్ళు అద్దెకున్నాను. నా పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గుంపులో ఈ వార్త పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. అప్పటి మా టీమ్ లీడ్ మాత్రం ఒక పేరా రాశాడు. "మన మెదక్ సైకిల్ యాత్రకు ఆవిడే స్ఫూర్తి. ఆ రోజులు మళ్ళీ రావు." దాని కింద నలుగురు గుండె గుర్తులు పెట్టారు.

వాళ్ళు ఆ యాత్రకు వెళ్ళలేదు. ఆ ఐదుగురిలో ఒక్కడు కూడా సైకిల్ మీద బాలానగర్ దాటలేదు. ఆమె పేరు మీద ఈ అబద్ధం నిలిచిపోవడం నాకిష్టం లేక ఇది రాస్తున్నాను.

ఆమె ప్రభుత్వ నర్సు. మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై రెండేళ్ళు పిల్లలకు టీకాలు వేసింది, గర్భిణులను చూసింది. ఆ ఊళ్ళన్నీ సైకిల్ మీదే తిరిగింది. ఎర్రమంజిల్‌లో ఉద్యోగం చేసిన భర్త పోయాక, రిటైరై వచ్చి, కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చే ఆడపిల్లలకు పైగదులు అద్దెకిచ్చుకుంటూ కింద ఒక్కతే ఉండేది. మెట్రో స్తంభాలు ఇంకా లేని కాలం అది. మైత్రీవనం దాకా నడిచి కూరగాయలు తెచ్చుకునేలోపు చేతిలో ఇరవై కరపత్రాలు పడేవి, ముప్పై రోజుల్లో జావా, నలభై రోజుల్లో ఒరాకిల్ అంటూ. వాటిని తెచ్చి కూరగిన్నెల కింద వేసుకునేది. "నెల రోజులల్ల ఉద్యోగమంట. నెల రోజులల్ల కోడిపిల్ల సుత కోడి కాదు" అనేది.

ఆమెకు మనుషులంటే మొత్తం మీద చిన్నచూపే. దాచుకునేది కాదు. ఆంటీ అంటే పలికేది కాదు. "నేను నీకు ఏ దిక్కుకెళ్లి ఆంటీ?" అనేది. నేను బియ్యం కడుగుతుంటే వెనక నిలబడి, "కడుగుతున్నవా, బియ్యానికి నీళ్ళు చూపిస్తున్నవా?" అని అడిగేది. తెనాలి నుంచి వచ్చిన నాకు, మొదటి ఆర్నెల్లూ ఆమెను చూస్తే ఒళ్ళు మండిపోయేది.

ఇక యాత్ర సంగతి. బేగంపేటలో మా ఆఫీసు. టీమ్‌లో ఐదుగురు మగవాళ్ళకు, నాకు కలిపి ఒక కోరిక పుట్టింది. సైకిళ్ళకు సామాను కట్టుకుని నర్సాపూర్ అడవి మీదుగా మెదక్, అక్కడి నుంచి పోచారం చెరువు, తిరిగొచ్చేటప్పుడు ఏడుపాయల దగ్గర మంజీర. నాలుగు రోజులు. కోరిక మంచిదే. దాన్ని మేము చేసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

ప్రతి శనివారం ఒక కాఫీ షాపులో సమావేశం. ఒకడు రూట్ ఇన్‌ఛార్జి, ఒకడు ఆహారం ఇన్‌ఛార్జి, ఒకడు రిస్క్ ఇన్‌ఛార్జి. సైకిల్ తొక్కే ఇన్‌ఛార్జి ఎవడూ లేడు. విదేశాల నుంచి బ్యాగులు తెప్పించాలా వద్దా అని రెండు వారాలు, హెల్మెట్లు ఒకే రంగువి కొనాలా అని ఇంకో వారం. టీమ్ లీడ్ కొన్న ఖరీదైన సైకిల్ అతని బాల్కనీలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉండేది. నేను వాళ్ళకంటే మెరుగని చెప్పను. తీసుకెళ్ళాల్సిన వస్తువుల జాబితాకు రంగులు వేసింది నేనే. మందులకు ఎరుపు, నీళ్ళకు నీలం. ఆ రంగులు చూసి వాళ్ళు మెచ్చుకుంటే ఇంటికొచ్చి మురిసిపోయాను కూడా.

మా ఇంటావిడకు ఆ దారులన్నీ తెలుసని నేనే నోరు జారాను. ఒక శనివారం ఐదుగురూ మా ఇంటికొచ్చారు. ఆమె కుర్చీలో కూర్చుని, జాబితా చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"మీ అందరిట్ల సైకిల్ తొక్కెటోడు ఎవరు?" అంది.

"మేడం, ప్రస్తుతం మేము ప్లానింగ్ దశలో ఉన్నామండి" అన్నాడు టీమ్ లీడ్.

"నవంబర్ల పోతరా?"

"అవునండి. వాతావరణం బాగుంటుందని."

"నవంబర్ల వరి కోతలు. కౌడిపల్లి దాటినంక రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. సగం రోడ్డు వాళ్ళదే. వడ్ల మీదికెళ్లి తోలితే చక్రం జారుతది. పడకుంటే ముసలోళ్ళు కట్టె పట్టుకొని వస్తరు. గది రాసుకున్నరా?"

రాసుకోలేదు. రిస్క్ ఇన్‌ఛార్జి నా వైపు చూశాడు. ఆమె జాబితాను నా ఒళ్ళో పడేసి, "మీరు పెండ్లి సామాను రాసుకున్నరు. తొవ్వ రాసుకోలే" అని లోపలికెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ వాళ్ళు నవ్వుకున్నారు. పల్లెటూరి మనిషి, పాపం అని ఒకడన్నాడు. నేనూ నవ్వాను.

బయల్దేరడానికి రెండు వారాల ముందు టీమ్ లీడ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. లేడీ మెంబర్ భద్రత దృష్ట్యా ఈసారి అబ్బాయిలమే వెళ్తాం, నువ్వు హైదరాబాద్‌లో ఉండి ఫోన్లో సమన్వయం చెయ్యి, నీ పాత్ర చాలా కీలకం, అని. మూడు నెలలు వాళ్ళ రంగుల కాగితాలు మోసినదానికి దక్కింది అది.

ఇంటికొచ్చేసరికి ఆమె చింతపండు గింజలు తీస్తోంది. నేను ఏడుస్తూ చెప్పాను. చెయ్యి ఆపలేదు.

"నిన్ను వద్దన్నరని ఏడుస్తున్నవా, వాళ్ళు పోతరని ఏడుస్తున్నవా?"

"రెండూను."

"వాళ్ళు పోరు. గా ఏడుపు మిగిలించుకో." ఇంకో నాలుగు గింజలు తీసి, "నువ్వు పో" అంది.

"ఒక్కదాన్నా? ఎలా వెళ్తానండీ?"

"నేను పోలేనా? నన్నెవరు తోలుకపోయిండ్రు?"

"మీకు భయం వెయ్యలేదా?"

అప్పుడు తలెత్తి చూసింది. ఆమె నాకు తన సంగతి ఏదైనా చెప్పింది ఆ ఒక్కసారే. ఒక ఊరి మొదట్లో మోరీ గట్టు మీద నలుగురు మగవాళ్ళు కూర్చునేవారట. ఆమె ఇళ్ళల్లోకెళ్ళి టీకాలు వేసి వచ్చేలోపు సైకిల్ గాలి తీసేసేవారు. మందుల డబ్బా నెత్తిన పెట్టుకుని తర్వాతి ఊరిదాకా సైకిల్ నెట్టుకుంటూ నడిచేది. ఒక నెల అట్లా నడిచింది. రెండో నెలలో పంపు కొని క్యారియర్‌కు కట్టుకుంది.

"వాళ్ళ ముందటనే గాలి కొడ్తుంటి. వాళ్ళ మొకాలు చూడకపోతుంటి, నా చక్రమే చూసుకుంట. ఆర్నెల్లు తీసిండ్రు, ఆర్నెల్లు కొట్టిన. వాళ్ళకే ఇసుగొచ్చింది. భయమైతది. ఎందుకు కాదు? భయపడుకుంటనే తొక్కిన."

ఆ సాయంత్రమే నా జాబితా తీసుకుని గీతలు గీసింది. నలభై మూడు వస్తువుల్లో పదకొండు మిగిలాయి. మూడు జతల బట్టలు రెండయ్యాయి. ముఖానికి రాసుకునేవన్నీ పోయాయి. పంపు, పంక్చర్ సామాను, దూది, టించరు, సబ్బు, తువ్వాలు లాంటివి నిలిచాయి. పక్కింటి భాయ్ ఆటో సీట్లకు కవర్లు కుట్టేవాడు. ఆమె పిలిచి, "గీ పోరికి సైకిల్ సంచులు కుట్టు. వానొచ్చినా లోపట తడవొద్దు" అంది.

"ఎన్ని దినాలు పోతది నర్సమ్మా?"

"నాలుగు దినాలంటది. ఐదైతది."

ఆయన ఆటో హుడ్ రెక్సిన్‌తో రెండు సంచులు కుట్టాడు. క్యారియర్‌కు అటొకటి, ఇటొకటి. వాటిలో ఆమె ఇటుకలు పెట్టించింది. రెండు వారాల పాటు పొద్దున ఐదున్నరకు ఆ ఇటుకలతో పంజాగుట్ట కూడలి చుట్టి, ఎర్రమంజిల్ ఎత్తు ఎక్కి దిగేదాన్ని. మొదటిరోజు సగంలో దిగి నెట్టుకొచ్చి, రొప్పుతూ గేటు దగ్గర నిలబడ్డాను. "ఇటుకలు దింపకు. రేపటికి సుత గవే" అని చాయ్ తాగడానికి వెళ్ళిపోయింది.

తోడుకు మూడు చీటీలు రాసిచ్చింది, మూడు ఊళ్ళలో తెలిసినవాళ్ళకు. కోర్సుల కరపత్రాల వెనకవైపు రాసింది. కౌడిపల్లి దగ్గరి ఊళ్ళో నేను అడిగిన ఆయమ్మ అప్పటికే చనిపోయింది. ఆమె కోడలు చీటీని ముందు ఒరాకిల్ వైపు, తర్వాత రాత వైపు తిప్పి చూసి, "నర్సమ్మనా? ఉన్నదా ఇంకా? మా అత్తను ఎన్ని తిట్లు తిడుతుండె" అని నవ్వి, కాళ్ళకు నీళ్ళిచ్చింది. రాత్రికి జొన్నరొట్టె పెట్టింది. నేనెవరో, ఎందుకొచ్చానో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

రెండోరోజు కొల్చారం దాటాక వడ్ల మీద జారి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, అరచేతుల్లో గింజలు దిగాయి. ఒక ముసలాయన నిజంగానే కట్టె పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి కట్టె పక్కన పెట్టి, ముందు చెదిరిన వడ్లు దగ్గరికి తోసి, తర్వాత నీళ్ళు తెచ్చాడు. అంతలో మెదక్ బస్టాండుకు ట్రాక్టరు వెళ్తోందన్నారు. సైకిల్ దాని మీద వేసుకుని, బస్సెక్కి ఇంటికి పోదామని నిర్ణయించుకున్నాను. ఆమెకు ఫోన్ చేశాను.

"బొక్క ఇరిగిందా?"

"లేదండీ."

"మరెందుకు ఫోన్ చేసినవ్?" అని పెట్టేసింది.

ఆ రోడ్డు పక్కన కూర్చుని ఆమెను తిట్టినట్టు జీవితంలో ఎవరినీ తిట్టలేదు. మనిషి కాదు, రాయి అనుకున్నాను. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ఆ కోపంతోనే మోకాలికి గుడ్డ కట్టుకుని సైకిలెక్కాను. పొద్దుగూకేలోపు పోచారం చెరువు కట్ట చేరాను. నీళ్ళ మీద తెల్లకొంగలు ఒకేసారి లేచి, ఒకే చెట్టు మీద వాలాయి. చూస్తున్నవాళ్ళెవరూ లేరు, నేను తప్ప. మూడు నెలల శనివారాల్లో ఎవరమూ ఆ కొంగల గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదని అప్పుడు తట్టింది. మర్నాడు ఏడుపాయల దగ్గర మంజీర పాయల్లో దిగి మోకాలు కడుక్కున్నాను. నాలుగు రోజుల యాత్ర ఐదు రోజులు పట్టింది.

తిరిగొచ్చాక ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మోకాలికి టించరు రాసింది. "వడ్లు చూడలే? చెప్పింది ఏడికి పోయింది?" అని తిడుతూనే గింజంత చీము కూడా లేకుండా తుడిచింది. నేనుండబట్టలేక అడిగాను, ఆ రోజు ఫోన్ ఎందుకు పెట్టేశారని.

కట్టు ముడి వేసి, "నీ గొంతు ఇంకొంచెం ఇంటే వాపస్ రమ్మంటుంటి" అంది.

అబ్బాయిలు వెళ్ళలేదని సోమవారం ఆఫీసులో తెలిసింది. బ్యాగులు కస్టమ్స్‌లో చిక్కుకున్నాయట. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ రిలీజు వచ్చింది, ఆ తర్వాత ఎండలు, ఆ తర్వాత టీమ్ లీడ్ ఇంకో కంపెనీకి మారాడు. అతని సైకిల్ మీద బట్టలు ఆరేస్తున్నారని చాలాకాలానికి విన్నాను. నేను వెళ్ళొచ్చానని చెబితే వాళ్ళు అడిగింది ఒక్కటే. "ఒక్కదానివేనా? ఫొటోలేవి?"

ఆ తర్వాత నేను చాలా దూరాలు తొక్కాను. చదును రోడ్డు మీద బాగా తొక్కేవాళ్ళతో, మంచి సైకిళ్ళున్నవాళ్ళతో. వాళ్ళు ప్రతి ఎత్తు దగ్గరా ఒకరినొకరు మెచ్చుకుంటారు. నాకు ఆ మెప్పు ఎక్కదు. నన్ను తక్కువగా చూస్తూనే, నేను చేయగలనని ఒక్క క్షణం కూడా అనుమానించని మనిషి ఇల్లు నాకు ఒకప్పుడు దొరికింది. అలాంటిది రెండోసారి దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం నేను చేరేసరికి గేటు ముందు వ్యాను ఆగి ఉంది. ఆమె తమ్ముడి కొడుకు, భాయ్, వీధిలో ఓ పదిమంది ఉన్నారు. ఒక మూలగా ముగ్గురు ముసలమ్మలు నిలబడి ఉన్నారు. ఎవరికీ తెలియనివాళ్ళు. కబురు తెలిసి మెదక్ నుంచి బస్సులో వచ్చారట. ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఎవరు బిడ్డా?" అంది. పైగదిలో అద్దెకుండేదాన్నని చెప్పి, మీరెవరని అడిగాను. "మా ముగ్గురి కాన్పులు ఆమెనే చేసింది" అంది.

వ్యాను పంజాగుట్ట శ్మశానం వైపు మెల్లగా కదిలింది. ఆటోలో రమ్మని భాయ్ ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. చెప్పులు గేటు దగ్గరే వదిలేసి, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వ్యాను వెనకే నడిచారు. కూడలిలో సిగ్నల్ పడింది. నాలుగు వైపుల నుంచీ బస్సులు, కార్లు హారన్లు కొడుతున్నాయి. వాళ్ళు ఏ వైపూ తల తిప్పలేదు. తారు రోడ్డు కాలుతుంటే, ఆ ముగ్గురూ వరసగా, నడిమధ్యన, నిదానంగా దాటుకుంటూ పోయారు.