రెండు బొటనవేళ్ళ తొడుగులు

మా నాన్న ఆస్గేర్‌కు బహుమతి ఇవ్వడమంటే గోడకు చెప్పుకోవడమే. విప్పి చూస్తాడు. "బాగుందమ్మా, ఎందుకింత శ్రమ" అంటాడు. తీసుకెళ్ళి అమ్మ పాత పెట్టెలో పెట్టి మూత వేస్తాడు. అంతటితో దానికి భూమ్మీద నూకలు చెల్లినట్టే.

అన్నయ్య ఓట్టార్ రాజధాని రేక్యావిక్ నుంచి తెచ్చిన తోలు బెల్టు, గడ్డం గీసే మిషను, నేను కొన్న స్వెట్టరు, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కదానికీ చీటీ కూడా ఊడలేదు. ఆయన మాత్రం చేపలు పట్టే రోజుల్లో పడవ మీద వేసుకున్న ఆ చిరుగుల స్వెట్టరే వేసుకుని తిరుగుతాడు.

"చిరిగిపోయింది కదా నాన్నా?"

"ఇంకా చేతులున్నాయిగా దీనికి."

నాకు ముక్కు మీద కోపం ఊరికే రాలేదు మరి.

అలాంటి మనిషికి పోయిన శరత్కాలంలో పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ ఎడమ కాలు ఈడుస్తాడు, ఎడమ చెయ్యి మొద్దుబారిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునేటప్పుడు నర్సు నన్ను పక్కకు పిలిచి, "రోజూ బయట నడిపించండి. ఈ చలికాలం కుర్చీలో కూర్చోబెట్టారంటే ఇక ఆయన లేవరు" అని చెప్పింది.

మా గుమ్మం నుంచి పడవల షెడ్డు దాకా గుంజలకు తాడు కట్టి ఉంటుంది. గాలి వీచే రోజుల్లో అది పట్టుకునే వెళ్తాం. ఇప్పుడు నాన్నకు కావాల్సింది సరిగ్గా అదే. కానీ ఆయన గడప దాటడు. కిటికీ దగ్గర కూర్చుని షెడ్డు వైపు చూస్తూ ఉంటాడు. కాలు సహకరించక అనుకున్నాను.

కాలు కాదని ఒక పొద్దున తెలిసింది. నడవాలో నిలబడి ఎడమ చేతికి ఉన్ని తొడుగు ఎక్కించుకోవడానికి అవస్థ పడుతున్నాడు. మా తొడుగుల్లో నాలుగు వేళ్ళకూ కలిపి ఒక సంచి, బొటనవేలికి విడిగా ఒకటి ఉంటాయి. ఆ చేతికి స్పర్శ లేదు కాబట్టి తొడుగు మెలితిరిగి బొటనవేలి చోటు అటు పోతుంది, వేలు ఇటు ఉండిపోతుంది. పళ్ళతో లాగాడు. చివరికి విసిరికొట్టాడు.

"ఇలా ఇవ్వు నాన్నా, నేను తొడుగుతాను."

"చిన్నప్పుడు నీకు నేను తొడిగాను స్వాలా. నాకు నువ్వు తొడగాల్సిన రోజొస్తే నేనే చెప్తాలే. అందాకా వెళ్ళి నీ పని చూసుకో."

మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర కూలబడ్డాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను కూడా.

జనవరిలో ఇంటాయన పండుగ దగ్గరపడింది. మా పాత పంచాంగంలో నడి చలికాలపు నెల థోర్రి. దాని మొదటి రోజున ఇంటి మగవాళ్ళకు ఇష్టమైనవి వండిపెట్టి, ఏదో ఒకటి చేతిలో పెడతాం. ఆ పొద్దున ఇంటాయన పంట్లాంలో ఒక కాలే పెట్టి, ఖాళీగా ఉన్న రెండో గొట్టాన్ని ఈడ్చుకుంటూ, చెప్పుల్లేకుండా ఇంటి చుట్టూ గెంతి థోర్రికి స్వాగతం పలకాలని పాత ఆచారం. ఇప్పుడెవరూ చెయ్యరు. నాన్న మాత్రం ఏటా గెంతేవాడు, పక్కింటి గున్వర్ ముసలమ్మ కాఫీ పట్టుకుని మరీ కిటికీలోంచి చూసేది.

ఓట్టార్ ఫోన్ చేశాడు. "నాన్నకు గ్లోవ్స్ పంపించానే. బ్యాటరీతో వాటంతటవే వేడెక్కుతాయి!"

"మంచిది అన్నయ్యా. పెట్టెలో స్వెట్టరుకు చలి వేస్తోంది, పక్కన పెడతాను."

"నీదంతా వెటకారమే. నువ్వేం ఇస్తున్నావ్?"

"తొడుగులు అల్లుతున్నాను."

"నువ్వా!" అని అంత దూరం నుంచి పడీపడీ నవ్వాడు. తప్పు లేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు నిద్రలో కూడా అల్లుతారు, నాకు మాత్రం కుట్లు లెక్కపెట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

అయినా అల్లాను. మా పద్ధతి ప్రకారం చేతికి రెట్టింపు పెద్దగా అల్లి, వేడినీళ్ళలో సబ్బు వేసి బాగా రుద్దాను. అలా రుద్దితే ఉన్ని ముడుచుకుని కంబళిలా బిగుస్తుంది, గాలి చొరబడదు. ఆరేసి పక్కపక్కన పెట్టి చూద్దును కదా, రెండింటికీ బొటనవేలు ఒకే వైపు, రెండూ ఎడమ చేతివే! విప్పుదామంటే ఉన్ని అతుక్కుపోయింది. తెల్లారితే పండుగ. కోపంతో కత్తెర తీసుకుని ఒకదానికి రెండో పక్క చీల్చి, మిగిలిన ఉన్నితో ఇంకో బొటనవేలు అల్లి కుట్టాను. అది చూస్తే పక్కనున్నది బోసిగా కనిపించింది. దానికీ ఇంకోటి తగిలించాను. ఇప్పుడు నాలుగు బొటనవేళ్ళు. నా మొహంలా ఉన్నాయి.

మర్నాడు పొగబెట్టిన గొర్రె మాంసం, బంగాళాదుంపలు పెట్టి, బ్యాటరీ గ్లోవ్స్ ముందిచ్చాను. "బాగుంది, ఎందుకింత శ్రమ" అన్నాడు. తర్వాత నావి బల్ల మీద పడేశాను. "తప్పొచ్చింది నాన్నా. నవ్వావంటే పొయ్యిలో వేస్తాను."

నాన్న నవ్వలేదు. కుడిచేత్తో వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు నేర్పారే నీకు?"

"తెలివితక్కువతనం ఒకరు నేర్పాలా?"

"పిచ్చిదానా, ఇవి సముద్రం తొడుగులు! మా నాన్నకు మా అమ్మ ఇలాంటివే అల్లేది. గాలం తాడు లాగీ లాగీ అరచెయ్యి అరిగిపోతే, ఇదిగో ఇలా ముందుది వెనక్కి తిప్పి, రెండో బొటనవేలి చోట వేలు పెట్టి వేసుకునేవాడు. వీటిని మళ్ళీ చూస్తాననుకోలేదు."

మాట్లాడుతూనే ఎడమ చేతికి లాగాడు. తొడుగు యథాప్రకారం మెలితిరిగింది. తిరిగితే తిరిగింది, ఆ పక్కనా ఒక బొటనవేలు కాచుకుని ఉందిగా! వేలు అందులోకి దూరిపోయింది. సాయం చేద్దామని లేచిన నా చేతుల్ని ఏప్రన్ కింద దాచుకున్నాను. నాన్న తన చేతిని చూసుకున్నాడు, తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

గున్వర్ కిటికీ తెరుచుకుంది. "ఏమయ్యా ఆస్గేర్, ఈ ఏడు రెండు కాళ్ళూ పంట్లాంలోనే ఉన్నాయేంటి?"

"ఒంటికాలి నడక ఈసారి నిజంగానే వచ్చేసింది గున్వర్! పంట్లాం విప్పే శ్రమ తప్పింది!"

తాడు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ షెడ్డు దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు. మర్నాడూ వెళ్ళాడు. తుఫాను రోజు వద్దంటే నన్నే కసిరాడు.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి, ఎడమ చెయ్యి నా ముందుకు చాచాడు. తాడుకు రాసుకుని రాసుకుని అరిగి చిల్లు పడ్డ వైపు ఇప్పుడు చేతి వెనక ఉంది. తాడు పట్టుకునే వైపు కొత్తగా ఉంది.

"అటు పక్క అరగ్గొట్టేశానమ్మా. పొద్దున తిప్పేసుకున్నాను" అని, గడప మీదే నిలబడి కుడి వేలితో ఆ చిల్లు తడిమాడు. "ఇదీ ఎన్నాళ్ళో రాదు. వచ్చే చలికాలానికి ఇంకో జత అల్లిపెడతావా?"

మా నాన్న నన్ను ఒక వస్తువు కావాలని అడగడం నేను పుట్టాక అదే మొదలు. నా మొహం ఆయనకు కనపడకుండా పక్కకు తిరిగి, "పెట్టెలో బ్యాటరీవి ఉన్నాయిగా!" అని కసిరాను.

"వాటికి ఒక్కటే బొటనవేలు" అన్నాడు నాన్న.