బాలమణి సీసా

నా గుండెల మీద ఒక బరువుంది. దాన్ని మోస్తూనే వండాను, తిన్నాను, నవ్వాను, నలుగురిలో మంచిదాన్ననిపించుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను ఓదార్చకండి.

బాలమణి నా సొంత చెల్లెలు. నా సవతి కూడా. నిజాం రాజ్యం ఇంకా పోని రోజులవి. నాకు పిల్లలు కలగలేదు. ఎవరో పరాయిది వచ్చి నెత్తినెక్కి కూర్చుంటుందేమోనన్న భయంతో, నేనే మిరుదొడ్డిలోని పుట్టింటికి పోయి, మా అమ్మను ఒప్పించి, దాన్ని సిద్దిపేటకు తెచ్చి నా భర్తకిచ్చి పెళ్లి చేశాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండానే అది నెల తప్పింది. వాడకట్టులో బెల్లం పంచింది నేనే. పంచుతూ లోపల భగ్గున మండిపోయాను. ఎందుకు? నేను కోరిందే కదా? కోరిన మాట నిజమే. అది దానికి ఇంత సులువుగా దొరుకుతుందని అనుకోలేదు.

నెలలు నిండుతుండగా దాని పాదాలు వాచాయి. గాజులు చేతికి బిగుసుకుపోయాయి. కడుపుతో ఉన్నవాళ్లకు నీరు దిగడం మామూలేనంది మా అత్త. ఆయన వినలేదు. ఊళ్లోని చిన్న దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడి నర్సమ్మ దాని మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచింది. కాగేకొద్దీ పైభాగం తెల్లగా మసకబారింది. ఏదో మందు చుక్కలు వేసినా ఆ తెలుపు పోలేదు. అలా విరిగితే తల్లికీ బిడ్డకీ గండమంది. ఉప్పు మాన్పించమంది, పని చెప్పొద్దంది, వచ్చే వారం పొద్దున్నే మళ్లీ సీసాలో పట్టి పంపమంది. అప్పుడూ ఇలాగే ఉంటే వెంటనే పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకుపోయి, కాన్పయ్యేదాకా అక్కడే ఉంచాలట.

ఆ మాటతో ఆయన మనిషే మారిపోయాడు. దాని కాళ్ల కింద తనే దిండు పెట్టేవాడు. దానికి తోడుగా తనూ ఉప్పులేని జొన్న గటక తినేవాడు. నాకు జ్వరమొస్తే గడప అవతలి నుంచే ఏమైందని అడిగిన మనిషి! పట్నం పోవలసి వస్తే ఎద్దులను ఎవరికి అప్పగించాలా అని కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. వాళ్లిద్దరూ పట్నంలో ఉంటారు, నేనిక్కడ బర్రె కింద పేడ తీస్తూ ఉంటాను. పట్నం ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. నవ్వొస్తోందా మీకు? నాకు ఇప్పటికీ రావడం లేదు.

సీసా పంపే రోజు వచ్చింది. బాలమణి నింపి నా చేతికిచ్చింది. పెరట్లో అత్త నన్ను ఆపింది.

"కడుపుతోనున్నదాని ఉచ్చ ఊరోళ్ల చేతుల వెడ్తరానె? బాణామతి చేసేటోళ్లకు దొరికితె పిల్ల బతుకుతదా? అది పారవొయ్యి. నీది పోస్కపో. గా నర్సమ్మకేం ఎర్క!"

చేతబడి భయం మా వైపు అందరికీ ఉండేది. మా అత్త తల దువ్వుకున్న వెంట్రుకలను కూడా బయట పడేయనిచ్చేది కాదు. కానీ ఆమె నర్సమ్మ మాటలు వినలేదు. నేను విన్నాను. ఆ తెలుపును నా కళ్లతో చూశాను. ఇది దాని ప్రాణానికి సంబంధించిందత్తా అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. సీసా పారబోశాను. కడిగాను. నాది పోశాను.

నర్సమ్మ కాచింది. నీళ్లలా తేటగా ఉంది. గొట్టాన్ని వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది.

"గివి పొద్దుగాల పట్టినయేనా?"

"అవునమ్మ."

"తల నొస్తదంటుందా? కండ్లు మసకలైతున్నయా?"

"లేదమ్మ. మంచిగనే ఉన్నది."

"అయితె పట్నం అక్కెర లేదు. కడుపు సల్లగుంటది, పో."

ఈ రెండో అబద్ధం నాకు ఎవరూ నేర్పలేదు. ముందురోజే బాలమణి తల పట్టుకుని, "అక్కా, కండ్ల ముంగట మెరుపులు మెరిసినట్టైతున్నదే" అంది. ఇంకో సంగతి. కడుపు చల్లగా ఉంటుందని నర్సమ్మ అన్నది నా మూత్రం చూసి. ఆ క్షణం కడుపుతో ఉన్నది నేనే అనిపించింది. ఇంటిదాకా ఆ మాటను నాదిగానే ఉంచుకుని నడిచాను.

అంతా బాగుందని చెప్పాను. ఆయన మొహం విప్పారింది. కూరలో మళ్లీ ఉప్పు పడింది. ఆయన పొలం పనుల్లో పడ్డాడు. బాలమణిని రొట్టెలు చేయమని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది నేనే.

ఒక మధ్యాహ్నం పిండి పిసుకుతూనే అది పక్కకు ఒరిగింది. పళ్లు బిగుసుకున్నాయి. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. గాలి సోకిందని అత్త వేపమండలు తెప్పించింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆయన పొలం నుంచి వచ్చి, పరుగెత్తుకెళ్లి నర్సమ్మను తీసుకొచ్చాక కూడా నేను నోరు విప్పలేదు. ఆడపిల్ల పుట్టింది. తల్లి మళ్లీ కళ్లు తెరవలేదు. తానే సరిగా చూడలేదేమోనని నర్సమ్మ గోడకానుకుని ఏడ్చింది. ఆయన ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఈ పాపంలో అత్తకూ వాటా ఉందని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆమె భయపడి చెప్పింది, నేను తెలిసి చేశాను. చెల్లెలు చావాలని కోరుకున్నానా? లేదని చెప్పాలని ఉంది. పట్నం పోకూడదని కోరుకున్నాను. ఆ కోరిక ఎక్కడికి దారితీస్తుందో నాకు లోలోపల తెలుసు, తెలిసీ అటువైపు చూడకుండా మొహం తిప్పుకున్నాను.

ఇంకొకటి మిగిలింది. అసలు దాచింది అదే. ఆ పిల్ల నన్ను అమ్మా అంటూ పెరిగింది, ఇప్పటికీ అంటుంది. పుట్టిన రోజున దాన్ని గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. పక్క గదిలో చెల్లెలి ఒళ్లు ఇంకా చల్లబడలేదు. ఆ రోజు నేను గుండెలు బాదుకుని ఏడ్చానని అందరూ చెప్పుకుంటారు. ఏడ్చాను. కానీ ముందు కలిగింది ఏడుపు కాదు. సంతోషం. నా పిల్ల అనుకున్నాను. ఇది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు. కాస్త ఊపిరాడుతోంది.