నమాజుకు ముందు నిలబడేది ఎవరు?

2021లో నన్ను కువైట్‌లోని జహ్రాలో ఒక ఇంటికి హోమ్ కేర్ నర్సుగా పంపారు. పేషెంటు ఇస్లాం చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. తుంటి ఎముక విరిగితే హిప్ రీప్లేస్‌మెంట్ చేశారు, అంటే పాత కీలు తీసి కొత్తది పెట్టడం. అది కుదురుకునేదాకా వంగకూడదు, ఒంటరిగా లేవకూడదు. మళ్ళీ పడితే ఇక మంచమే గతి.

ఆయన వింటేగా! నమాజుకు పిలిచే అజాన్ వినపడగానే వాకర్ పక్కకు నెట్టి లేచేవారు. ఒకసారి నా భుజం మీదే కూలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాబా, కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చని మీకు నేను చెప్పాలా? ఎందుకీ మొండితనం?" అన్నాను. మొహం తిప్పుకున్నారు.

ఆ ఇంట్లో పనిచేసే కడప అమ్మాయి రమణమ్మ గుట్టు విప్పింది.

"అక్కా, ఈడ అందరి ముందర నిలబడి నమాజు చేయించేది బాబానే. చేయించేటోడు నిలబడాల్సిందే అంటాడు. కొడుకులిద్దరికీ పొసగదు. అందుకే ఇంకెవుర్నీ ముందర నిలబడమని చెప్పడు."

మర్నాడు కట్టు మారుస్తూ సూటిగా అడిగేశాను. పాఠం చెప్పే అవకాశం వస్తే మాస్టారు ఆగుతారా!

"ప్రవక్త జబ్బుపడ్డప్పుడు నమాజు చేయించమని ఒక సహచరుడికి చెప్పారు. ఆయన పోయాక జనం ఖలీఫాగా, అంటే తమను ఏలే నాయకుడిగా, అతన్నే ఎన్నుకున్నారు. నేనిప్పుడు ఎవణ్ణి ముందు నిలబెడితే వాడే ఇంటికి పెద్ద అనుకుంటారు, సిస్టర్. చిన్నవాడికి ఖురాన్ కంఠతా వచ్చు. ఇల్లూ వ్యాపారమూ నడిపేది పెద్దవాడు. నేను కాదన్నవాడు ఇక ఈ గడప తొక్కడు."

"ఆ తర్వాత కూడా నమాజు పెత్తనం, రాజ్యం పెత్తనం రెండూ ఒక్కరి చేతిలోనే ఉన్నాయా బాబా?"

"లేదు. రాను రాను పాలన ఖలీఫాలది, ధర్మం చెప్పడం పండితులది అయింది." అంతలోనే ఆగిపోయారు. తన మాటకు తనే నవ్వి, "యల్లా, ఇక కానివ్వు, కొడుకులిద్దర్నీ రమ్మను" అన్నారు.

సాయంత్రం కొడుకులు వచ్చారు. దివానియాలో, అంటే మగవాళ్ళు అతిథులతో కూర్చునే గదిలో, ఇంటి పెద్దగా తను కూర్చునే చోటు ఇకపై పెద్దవాడిదన్నారు. నమాజుకు చిన్నవాణ్ణి ముందు నిలబడమన్నారు. పెద్దవాడి మొహం మాడిపోయింది. అయిపోయింది, వెళ్ళిపోతాడని భయపడ్డాను.

మాస్టారు తన కుర్చీని చిన్నవాడి వెనక వేయించుకున్నారు.

"వాడి వెనక నేనే ఉన్నానురా. నీకేం నామోషీ?"

పెద్దవాడు కదల్లేదు. తర్వాత మెల్లగా వచ్చి తండ్రి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆ నమాజు అయ్యేదాకా మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పేషెంటు పడే ప్రమాదాన్ని మేం ఫాల్ రిస్క్ అంటాం. దానికోసం చెప్పులు, వెలుతురు, నేల తడి చూడమని నేర్పుతారు. ఇప్పటికీ అన్నీ చూస్తాను. అంతకంటే ముందు మంచం పక్కన కూర్చుని, "ఎందుకు లేస్తున్నారు?" అని అడుగుతాను.